మొదటి సంతకం

ఆ వేసవిలో సముద్రం మీద పడవల్లేవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ నడిమిలో వేట ఆపేస్తారు. రెండు నెలలు సెలవు. ఆ సెలవు చేపలకో మనుషులకో నాకెప్పుడూ సరిగ్గా తెలియలేదు. కళింగపట్నం రోడ్డులో, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల మా ఇల్లు. మామూలు రోజుల్లో గాలి ఇటు తిరిగితే తెల్లారుజామున బోటు ఇంజన్ల చప్పుడు తుమ్మెద రొదలా వినిపిస్తుంది. ఆ రెండు నెలలూ అది ఉండదు. నిద్ర లేచినా లేవనట్టే ఉంటుంది. పొద్దెక్కాక ఎండ కూడా తెల్లగా, పల్చగా, ఎవరో పాలల్లో నీళ్ళు కలిపి ఒలకబోసినట్టు వాకిట్లోకి వస్తుంది.

పచ్చి చేపల్లేక తవిటమ్మ ఎండు నెత్తళ్ళ తట్ట తెచ్చేది. మా గుమ్మంలో పదేళ్ళుగా చేపలమ్మే మనిషి. ఆ రోజు తట్ట దించి, అమ్మడం మానేసి నన్నే చూసింది.

"ఏటి సెల్లీ, నాలుగు రోజులై సూస్తన్నాను. తట్ట దించితే సాలు, ముక్కు మూసుకోని లోపలికెల్లిపోతన్నావు. నా సేపలకేటొచ్చినాది?"

"వాసన" అన్నాను.

"పదేళ్ళై నేని వాసన ఇప్పుడొచ్చినాదేటి?" అని ఇంకాస్త దగ్గరికొచ్చింది. "ఎన్నో నెల?"

"నలభై దగ్గరపడ్డదాన్ని అడిగే మాటేనా ఇది?"

"నలభైలో మా అత్త ఇద్దర్ని కన్నాది. నీకు కావాలా, అక్కర్నేదా?"

ఆ మాట అంత సూటిగా, పావుకిలో ఇమ్మంటావా అరకిలో ఇమ్మంటావా అన్నట్టు అడిగింది. తవిటమ్మ తట్ట నెత్తికెత్తుకుంటూ తనలో తను గొణుక్కుంది. "గుడ్డు మీదున్న సేపని ముట్టుకోకూడదని గవుర్మెంటోడు మా బోట్లు కట్టించేసినాడు. సరే. సేపనొక మాటడిగినాడేటి?"

మా ఆయన బెన్హర్ ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో పని చేస్తారు. ఫైళ్ళ మనిషి. ఏ సంగతైనా రెండుసార్లు చదివి పక్కన చిన్న టిక్కు పెడితే గానీ నమ్మరు. రెండు గీతలు పడ్డ గర్భ పరీక్ష పట్టీని కూడా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండుసార్లు చూశారు. తర్వాత ఆయన మొహం మీదికి సిగ్గు లాంటి నవ్వొకటి వచ్చింది.

"దేవుడిచ్చినట్టున్నాడు గ్లోరీ."

"నాకు భయంగా ఉందండీ."

నా చెయ్యి పట్టుకున్నారు. మంచి మనిషి. "ఈసారి అలాగవదులే" అన్నారు.

అలా అంటే ఏమిటో చెప్పాలి. మా అమ్మాయి షాలినికి ఇప్పుడు పదిహేడేళ్ళు. అది పుట్టిన ఏడాది నా దగ్గర లేదు. ఎక్కడో పారేసుకున్నాను. వెతికితే ఒక ఫ్యాను దొరుకుతుంది, మూడు రెక్కలది. నేను నీళ్ళ అడుగున కూర్చునుంటే పైన ఎవరో ఏడుస్తున్నట్టు పిల్ల ఏడుపు దొరుకుతుంది. పెరట్లో బావి గట్టు చల్లగా ఉండేదనీ, అక్కడ కూర్చుని లోపలికి చూడటం ఎంతో హాయిగా ఉండేదనీ గుర్తుంది. ఒకరోజు మా అత్తగారు బావికి ఇనుప మూత వేయించి తాళం పెట్టారు. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. సంఘం నుంచి ముగ్గురొచ్చి నా తల మీద చేతులుంచి ప్రార్థించారు. ఒకావిడ గాలి సోకిందన్నారు. ఇంకొకావిడ విశ్వాసం చాలలేదన్నారు. మూడో ఆవిడ బెల్లం తక్కువ తింటున్నానన్నారు. ఎవరి వైద్యం వాళ్ళు చెప్పి, టీ తాగి వెళ్ళారు.

అది ఎలా వచ్చిందో అలాగే పోయింది. ఆ తాళం కూడా తుప్పుపట్టి, విరిగి, పాత ఇనుము కొనేవాడి గోనెలో ఎప్పుడో పోయింది. తర్వాత ఇన్నేళ్ళూ మేం జాగ్రత్తగానే ఉన్నాం. ఆ జాగ్రత్త మార్చి నెలలో ఒక్కసారి మమ్మల్ని మోసం చేసింది.

అదే వారం పాస్టరు గారు మా స్త్రీల సమాజానికొక పని తెచ్చారు. ఈ అయ్యగారు మాకు కొత్త, ముప్పై దాటలేదు, ప్రొజెక్టరు లేనిదే ప్రసంగించరు. ఆ ఆదివారం గుడిలో తెల్ల తెర కట్టి, దాని మీద 'చట్టాలకు పునాది నీతి' అని పెద్ద అక్షరాలు వేశారు. ఫ్యాను గాలికి తెర ఊగుతుంటే నీతి అలలు అలలుగా కదిలింది. గర్భస్రావాలకు అనుమతినిచ్చే చట్టాన్ని రద్దు చేసి, దేవుని నీతి ప్రకారం కొత్తది చెయ్యాలని పైవాళ్ళకు అర్జీ పంపాలట. జిల్లాలో సంఘాలన్నీ సంతకాలు పెడుతున్నాయట.

"అర్జీ మా కోడలు రాస్తాది" అన్నారు అత్తగారు, నన్నడక్కుండానే.

అత్తగారు దేవమణి, మిషన్ ఆస్పత్రిలో నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా సమాజానికి అధ్యక్షురాలు. నేను కార్యదర్శిని. పొలిటికల్ సైన్సులో బీఏ చేసినందుకు నాకు దక్కిన పదవి. మా ఇంట్లో నా చదువు పింగాణీ గిన్నె లాంటిది, నలుగురూ వచ్చినప్పుడు దించుతారు. వీధి దీపానికి, సమాధుల తోట గోడకి, కుక్కల బెడదకి, అన్నిటికీ అర్జీలు నావే. మా సమాజంలో ఒక పద్ధతుంది. కాగితం మీద మొదటి సంతకం అధ్యక్షురాలిది. అది పడేదాకా కింద ఎవరూ కలం ముట్టరు. అత్తగారికి కంటి ఆపరేషనైనప్పుడు వీధి దీపం అర్జీ నెలన్నర ఆగిపోయి, వీధంతా చీకట్లో తడుముకుంది. అయినా ఎవరూ పద్ధతి తప్పలేదు.

దేన్నైనా తిట్టాలంటే ముందు చదవాలి కదా. మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక షాలిని లాప్‌టాప్ తీసి ఆ చట్టం చదివాను. తలుపులు దగ్గరగా వేసిన గదిలో, ఆకుపచ్చ కిటికీ అద్దాల వెలుగులో, అక్షరాలు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. ఇరవై వారాల వరకూ ఒక డాక్టరు ఒప్పుకుంటే చాలు. వాడిన జాగ్రత్త విఫలమై గర్భం వస్తే, ఆ వేదనను ఆమె మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగా భావించవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ విషయంలో ఆమె అంగీకారం తప్ప మరెవరి అంగీకారమూ అవసరం లేదు.

మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని. ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను పారేసుకున్న ఏడాదికి ఒక పేరుందని, అది ప్రభుత్వం వారి కాగితాల్లో ఇన్నాళ్ళూ నాకోసం పడి ఉందని నాకెవరూ చెప్పలేదు.

అర్జీ మూడు పేజీలొచ్చింది. ఈ చట్టం ఎంత దారుణమైనదో అధికారులకు అర్థం కావాలని, అది ఇచ్చే అనుమతులన్నీ వివరంగా, చిన్న చిన్న వాక్యాల్లో, నాలుగో తరగతి పిల్లకైనా తెలిసేలా రాశాను. ఇందులో దురుద్దేశం లేదని చెప్పను.

గురువారం రెండింటికి సమాజం కూడింది. ముప్పై మంది ఆడవాళ్ళు, తాటాకు విసనకర్రలు, నిమ్మ షర్బత్తు. నేను నిలబడి చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకొచ్చేసరికి విసనకర్రలు ఆగిపోయాయి.

"ఉండుండు గ్లోరమ్మా" అంది అంగన్వాడీలో పనిచేసే చిన్నతల్లి. "మొగుడి సంతకం అక్కర్నేదా?"

"అక్కర్లేదట. అందుకే మనం ఖండిస్తున్నాం."

"ఖండిద్దాం, ఖండించకేటి! ఏ పేజీలో ఉన్నాదది?"

"రెండో పేజీ, మూడో పేరా."

"నాకొక జిరాక్సు ఇయ్యమ్మా" అంది వెనక వరసలోంచి ఇంకొకావిడ. "ఇంటికాడ తాపీగా ఖండిస్తాను."

"నాకూ ఒకటి. మా ఆడపడుచు కూడా ఖండిస్తాది."

నవ్వులు. నేనూ నవ్వి, మళ్ళీ కాగితం ఎత్తాను. 'మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని' అని చదివి, తర్వాతి వాక్యం ఎక్కడుందో వెతుక్కున్నాను. దగ్గాను. షర్బత్తు తాగాను. అర్జీ ఎలాగో ముగించి అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ అప్పటికే కలం మూత తీసి పట్టుకున్నారు.

"ఆ ఆరోగ్యం ముక్క మల్లీ ఒకసారి సదువు" అన్నారు.

చదివాను. ఆవిడ కాగితాన్ని చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. తర్వాత మెల్లగా కలానికి మూత పెట్టారు.

"ఎండకి కళ్ళు మసగ్గా ఉన్నాయి. వచ్చేవారం సూద్దాం."

ముప్పై కలాలు ముప్పై సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

మర్నాడు ఉదయం పెరట్లోకి వెళ్ళేసరికి బావి మూత మీద కొత్త తాళం ఉంది. ఇత్తడిది, ఇంకా నూనె మరకతో, ఎండలో పసుపు పువ్వులా మెరుస్తోంది. మోటారు బిగించాక ఆ బావి వైపు మేమెవరం వెళ్ళడం లేదు. అత్తగారు గట్టు పక్కన పీట వేసుకుని మామిడికాయలు తరుగుతున్నారు.

"ఇదేంటత్తా?"

"పిల్లులు పడిపోతన్నాయి."

"మన వీధిలో పిల్లుల్లేవు."

"వొస్తాయేమో."

నేను గట్టు మీద కూర్చున్నాను. ఇనుప మూత అప్పటికే వెచ్చబడింది. లోపల ఎక్కడో నీళ్ళున్నాయన్న సంగతి అరికాళ్ళకు తెలుస్తున్నట్టనిపించింది. ఆవిడ ఇంకో రెండు కాయలు తరిగారు.

"ఎన్ని వారాలు?"

"ఎనిమిది నిండుతాయి."

"నువ్వు ఎండు సేపలు కొనడం మానేసినప్పుడే అనుకున్నాను. నలభై ఏళ్ళు పురుళ్ళు పోసినదాన్ని." కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "నీకు గుర్తు నేదు గానీ, ఆ ఏడాదంతా పిల్లని సంకనేసుకోని నీ ఎనకాలే తిరిగినాను. పాలు పొయ్యి మీదున్నా ఒక కన్ను నీ మీదే. ఇంట్లో కత్తులన్నీ నా బీరువాలో ఉండేవి. ఆడికి తెలీదు. ఆడు ఆఫీసుకెల్లిపోయేవోడు."

"నాకూ తెలీదత్తా."

"తెలవకూడదనే గదా."

కాకి ఒకటి మామిడి ముక్క కోసం వచ్చింది. ఆవిడ తోలలేదు.

"నేను తీయించేసుకుంటాను" అన్నాను. నాకే కొత్తగా వినిపించింది నా గొంతు. "పాపమా అత్తా?"

"పాపమే" అన్నారు, ఊపిరి కూడా తీసుకోకుండా.

మళ్ళీ కాయ అందుకున్నారు. తరగలేదు. చేతిలో అలా తిప్పుతూ ఉండిపోయారు.

"డెబ్బై రెండేళ్ళు నాకు. తాళమెయ్యగలను. ఎనకాల తిరగలేను." కాయతోనే చెప్పినట్టు అన్నారు. "సోమవారం లేడీ డాక్టరుంటాది. పొద్దున్నే ఎల్తే జనం ఉండరు."

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"అమ్మ ఒప్పుకోదు గ్లోరీ."

"అమ్మే తోడొస్తున్నారు."

ఆయన తల్లి వైపు చూశారు. అత్తగారు చారు వడ్డిస్తున్నారు. ఎవరూ ఎవరితోనూ దెబ్బలాడలేదు. మా ఇంట్లో అంతటి సంగతి అంత నెమ్మదిగా జరగడం అదే మొదలు. సోమవారం పొద్దున్న ఆయన రెండు సీసాల్లో నీళ్ళు పట్టి, మూతలు బిగించి, విప్పి, మళ్ళీ బిగించి నా సంచిలో పెట్టారు. "ఎండగా ఉంది, ఆటోలో ఎల్లండి" అన్నారు.

శ్రీకాకుళంలో ఆస్పత్రి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా వివరాలన్నీ రాసుకుని, కాగితం ఇటు తిప్పింది.

"ఇక్కడ మీ హస్బెండ్ సంతకం కావాలండీ."

"అక్కర్లేదమ్మా" అన్నాను.

"మా దగ్గర అందరూ పెడతారండీ. పద్ధతి."

నేను చట్టం గురించి మొదలుపెట్టేలోపే అత్తగారు చేతిసంచి తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. మా అర్జీ. పైన సంఘం పేరు, శిలువ గుర్తు.

"రెండో పేజీ, మూడో పేరా. సదువుకో."

ఆ పిల్ల పెదాలు కదుపుతూ చదివింది. మొదటి పేజీ తిప్పింది. చివరి పేజీ తిప్పింది. అయోమయంగా తలెత్తింది.

"మామ్మగారూ, ఇది రద్దు చెయ్యమని కదండీ రాశారు?"

"ఇంకా సెయ్యనేదు గదా" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు. ఎందుకని అడిగారు. ఫ్యాను గురించి, నీళ్ళ అడుగు గురించి, బావి గట్టు గురించి చెప్పాను. ఆవిడ మధ్యలో మాట్లాడలేదు, బెల్లం ప్రసక్తి తేలేదు. విన్నదంతా ఒకే వాక్యంలో రాసుకున్నారు. పదిహేడేళ్ళ తర్వాత ఆ ఏడాది ఒక కాగితం మీదికొచ్చింది. కింద నా సంతకం పెట్టాను. గ్లోరీ అని. ఇంటి పేరు కూడా రాశాను, ఎందుకైనా మంచిదని.

మిగిలిన రోజులు నాకు వరసగా గుర్తులేవు, కానీ పోలేదు, ఉన్నాయి. నొప్పి అలలా వచ్చి వెళ్ళేది. కిటికీ తెర నిండా ఎండ పోసుకుని ఉబ్బేది, ఖాళీ అయ్యేది. ఏడుపొచ్చింది. వస్తుందని తెలుసు. అది నా ఏడుపే, పైనెవరిదో కాదు. షాలిని వచ్చి ఏమీ అడక్కుండా నా పక్కన పడుకుని ఫోను చూసుకునేది. తవిటమ్మ వాగు గెడ్డలో పట్టిన చిన్న పరిగె చేపలు తెచ్చి, పచ్చివి, వెండి ముక్కల్లా ఉన్నవి, వంటింటి గట్టు మీద పెట్టి, "ఇవి వాసన రావు" అని చెప్పి వెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయన తాటిముంజెలు తెచ్చి, ఒక్కొక్కటీ పొర తీసి, గిన్నెలో వేసి ఇచ్చేవారు. ఆయనకు దుఃఖంగా ఉంది. దాన్ని గోళ్ళతో ఒలుచుకుంటున్నారు. నేను వద్దనకుండా తిన్నాను.

శనివారం సాయంత్రం పాస్టరు గారొచ్చారు. నేను లోపలి గదిలో పడుకునున్నాను. మధ్యన తెర మాత్రమే.

"అమ్మగారూ, అన్ని సంఘాల కాగితాలూ చేరిపోయాయి. మనదే మిగిలింది."

"నేను పెట్టను అయ్యగారూ" అన్నారు అత్తగారు. "ఇంకో వారం ఆగినా పెట్టను."

కుర్చీ కిర్రుమంది. "అదేంటమ్మా! అది పాపం కాదంటారా?"

"పాపమే. రేపు దాని మీదే ప్రసంగం సెయ్యండి. ముందు వరసలో కూర్చోని ఆమెన్ అంటాను."

"మరి?"

"నేను ట్రైనింగులో ఉండేటప్పుడు ఈ చట్టం ఊళ్ళకింకా తెలీదు అయ్యగారూ. మా వార్డు సివర రెండు మంచాలుండేవి. ఎవరికీ సెప్పుకోలేక ఏదో ఒకటి సేసుకోని, రగతంలో వొచ్చేవోళ్ళకి ఆ రెండూ. ఏటి సేసుకున్నావని అడగొద్దనేది మేట్రను. ప్రార్థన సెయ్యమనేది. సేసేవోళ్ళం, శానా బాగా సేసేవోళ్ళం. ఆ మంచాలు ఎప్పటికప్పుడు కాళీ అయిపోయీవి."

టీ కప్పు సాసరులో పెట్టిన చప్పుడైంది.

"నీతి లేకుండా చట్టం ఎలాగమ్మా?" అన్నారు పాస్టరు గారు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు.

"నీతి నా దగ్గరున్నాది, మీ దగ్గరున్నాది. అది నేర్పండి. బయపెట్టండి, ఏడిపించండి, అది మీ పని. పోలీసోడి సేతికి ఎందుకిస్తారు? ఆడు దాన్నేటి సేస్తాడు?"

"అధ్యక్షురాలే సంతకం పెట్టకపోతే సంఘం ఏమనుకుంటుంది?"

"ఇంకో అధ్యక్షురాల్ని ఎన్నుకుంటాది. టీలో పంచదార సరిపోయినాదా?"

జూన్‌లో నిజంగానే ఎన్నుకున్నారు. పదకొండేళ్ళు కూర్చున్న కుర్చీలోంచి లేచి అత్తగారు మూడో వరసలో చాప మీద కూర్చున్నారు. కొత్త అధ్యక్షురాలు మొదటి సంతకం పద్ధతిగా పెట్టింది. దాని కింద ఎనిమిదే పడ్డాయి. మిగతావాళ్ళందరికీ ఒక్కసారిగా కళ్ళు మసకలొచ్చాయి. అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం గేటు పడిన చప్పుడయ్యాక, అత్తగారు తెర తొలగించుకుని లోపలికొచ్చారు. నేను నిద్ర నటించలేదు. ఆవిడా నేను వినలేదని నటించలేదు. మంచం అంచున కూర్చుని కొంగు తల మీదికి లాక్కున్నారు.

"ప్రార్థన సేద్దాం."

"ఎవరికోసం అత్తా?"

"ముందు, లోకంలోకి రానోళ్ళ కోసం. తరవాత నీకోసం." దుప్పటి మీంచి నా పాదం మీద చెయ్యి వేశారు. "ఆ వరస నేను మార్చను."

మార్చమని నేనూ అడగలేదు. లేచి కూర్చుని కళ్ళు మూసుకున్నాను.